"వానొస్తే బాగుండు" – ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?

నిరుడు వేసవిలో మా చెల్లెలి కూతురు సెలవు మీద ఇంటికి వచ్చింది. ఇంగ్లండులో నర్సు పని. వెళ్లి రెండేళ్లయింది. మా ఊరు కార్వేటినగరానికి కూతవేటు దూరం. ఆదివారం ఆరాధన ముగిసి, అందరూ ఇళ్లకు పోయాక, వేపచెట్టు కింద అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటూ ఉన్నాము.

"మామా, నువ్వు నేర్పించిన ఇంగ్లీషు అక్కడ నన్ను ఒకరోజు ఏడిపించింది" అని నవ్వుతూ మొదలుపెట్టింది. చెప్పేకొద్దీ ఆ నవ్వు తగ్గిపోయింది.

వార్డులో ఒక ముసలావిడ ఉండేదట. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. బాగానే కోలుకుంటోంది, మరో వారంలో ఇంటికి పంపేస్తారు. ఒక సాయంత్రం ఆమె కూతురు ఎక్కడో దూరాన్నుంచి రైలు దిగి నేరుగా ఆస్పత్రికి వచ్చి, "మా అమ్మ ఎలా ఉంది?" అని ఈ పిల్లను అడిగింది. మీ అమ్మ త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను అని మర్యాదగా, ప్రేమగా చెప్పాలనుకుంది మా అమ్మాయి. చెప్పింది: "ఐ విష్ యువర్ మదర్ వుడ్ గెట్ బెటర్."

ఆ కూతురి ముఖం పాలిపోయింది. "డాక్టర్లు ఏమన్నారు? నాకెందుకు ఎవరూ ఫోన్ చేయలేదు?" అని గొంతు వణుకుతూ అడిగిందట. మా పిల్లకు ఏమీ అర్థం కాలేదు. పరుగున వెళ్లి సిస్టరును పిలుచుకొచ్చింది. సిస్టరు ఆమెను కూర్చోబెట్టి, తల్లికి ఏ ప్రమాదమూ లేదని నమ్మించేసరికి తాతలు దిగి వచ్చారు. తర్వాత మా పిల్లను పక్కకు తీసుకుపోయి మెల్లగా చెప్పింది: "నువ్వు హోప్ అనాల్సిన చోట విష్ అన్నావు. మీ అమ్మ కోలుకుంటే బాగుండు గాని ఆ సూచనలేమీ కనబడటం లేదు అని ఆమెకు వినబడింది."

ప్రియ చదువరులారా, ఇందులో తప్పు నాది. విష్ తర్వాత విల్ రాదు, వుడ్ రావాలి అని బల్ల గుద్ది నేర్పించినవాణ్ణి నేనే. ఆ అమ్మాయి నేను చెప్పిన సూత్రాన్ని పొల్లుపోకుండా పాటించింది. వాక్యంలో వ్యాకరణ దోషం ఒక్కటి కూడా లేదు. అయినా ఒక కూతురి ప్రాణం జారిపోయింది. ఏ రూపం తర్వాత ఏ రూపం రావాలో చెప్పాను గాని, అసలు ఆ మాట ఎప్పుడు ఎత్తాలో చెప్పలేదు. చెప్పాలన్న సంగతి నాకూ తెలియదు.

కార్వేటినగరమంటే ఈ జిల్లాలో పంతుళ్లకు పుట్టినిల్లు వంటిది. చిత్తూరు జిల్లా ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చే డైట్ ఇక్కడే ఉంది. అందుకే ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఏ అరుగు మీద కూర్చున్నా ఒక రిటైర్డు మాస్టరు తగులుతాడు, ఆయనకొక ఇంగ్లీషు సూత్రం కంఠతా వచ్చి ఉంటుంది. మా తరం వాళ్లం ఆరో తరగతిలో ఏ బి సి డి మొదలుపెట్టినవాళ్లం. రెన్ అండ్ మార్టిన్ వారి వ్యాకరణ పుస్తకం మాకు పెద్ద బాలశిక్ష. సూత్రం, కింద పది వాక్యాలు, ఖాళీలు పూరించు. ఖాళీలు పూరించడం మాకు బాగా వచ్చింది. మాట్లాడే అవసరం రాలేదు గనుక మిగతాది వచ్చిందో లేదో తేలలేదు. ఇప్పుడు పిల్లలు సముద్రాలు దాటి పోతున్నారు, తేలుతోంది.

మొదట మన మాటను చూద్దాము

ఇంగ్లీషు సంగతి తర్వాత. మన చేను గట్టున నిలబడి మనం ఏమంటామో చూద్దాము. శనక్కాయ విత్తి పదిహేను రోజులైంది. మొలక వాడుతోంది.

దక్షిణాన మబ్బు కమ్మింది. "ఈ రాత్రికి వానొస్తుంది లే" అంటాము. ఆశ ఉంది.

మబ్బు లేదు, ఎండ నిప్పులు కురుస్తోంది. "వానొస్తే బాగుండు" అంటాము. కోరిక ఉంది, ఆశ సన్నగా ఉంది.

పంట ఎండిపోయింది. "ఆడిమాసంలో ఒక్క వాన వచ్చింటే బాగుండేది" అంటాము. అయిపోయింది. ఇక చేసేదేమీ లేదు.

ఈ మూడింటికీ ఇంగ్లీషులో మూడు తలుపులున్నాయి. మొదటిదానికి "ఐ హోప్ ఇట్ రెయిన్స్". రెండోదానికి "ఐ విష్ ఇట్ వుడ్ రెయిన్". మూడోదానికి "ఐ విష్ ఇట్ హాడ్ రెయిన్డ్". చూశారా, మన రైతు నోట ఈ తేడా ఎప్పటినుంచో ఉంది. మరి మా పిల్ల ఎందుకు పొరబడింది? ఎందుకంటే మన పుస్తకాల తెలుగులో "కోరుకుంటున్నాను" అనే మాట ఒకటుంది. మీరు కోలుకోవాలని కోరుకుంటున్నాను, పాస్ కావాలని కోరుకుంటున్నాను, సుఖంగా ఉండాలని కోరుకుంటున్నాను. ఈ ఒక్క మాట ఆశకూ సరిపోతుంది, దీవెనకూ సరిపోతుంది, తీరని కోరికకూ సరిపోతుంది. నిఘంటువు తెరిస్తే దానికి ఎదురుగా విష్ అని ఉంటుంది. పిల్లలు ఆ మాటను ఎత్తుకుపోయి అన్ని చోట్లా పెట్టేస్తారు.

ఇంగ్లీషువాడి చెవికి హోప్ అంటే తలుపు తెరిచే ఉంది. విష్ అని, దాని వెనకాల ఇంకొక వాక్యం తగిలించామంటే, ఆ తలుపు మూసి ఉందనో మూసినట్టే ఉందనో అర్థం. జబ్బుపడ్డవారికి, పరీక్ష రాయబోయేవారికి, ఇంటర్వ్యూకు పోయేవారికి చెప్పవలసింది హోప్. "ఐ హోప్ యు గెట్ వెల్ సూన్." "ఐ హోప్ యు పాస్." ఇందులో పెద్ద వ్యాకరణమేమీ లేదు, మామూలు వర్తమాన కాలమే. అంత తేలిక గనుకనే దాన్ని మేము సరిగా నేర్పలేదనుకుంటాను. కష్టమైనదాన్ని నేర్పితేనే గదా మాస్టరుకు గౌరవం!

ఈనాటి కోరికకు నిన్నటి కాలమా?

పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. "నాకొక లారీ ఉంటే బాగుండు" అనేది ఇప్పటి కోరిక. ఇంగ్లీషులో "ఐ విష్ ఐ హాడ్ ఎ లారీ" అంటారు. హావ్ పోయి హాడ్ వచ్చింది. హాడ్ భూతకాలం కదా సార్, లారీ నిన్న ఉండి ఇవాళ అమ్మేశాడా?

ఈ ప్రశ్నకు నేను ఏళ్ల తరబడి "అది రూలు, రాసుకో" అని జవాబు చెప్పాను. జవాబు మన నాలుక మీదే ఉందని ఆలస్యంగా తట్టింది. మామిడికాయల కాలంలో ఒకాయన తన పొరుగువాడితో అన్న మాట వినండి. "నాకే లారీ ఉంటే నీ కాయలు ఊరికే మోసేవాణ్ణి." ఈ "మోసేవాణ్ణి" ఏ కాలం? "చిన్నప్పుడు మా నాయనతో బాటు గంపలు మోసేవాణ్ణి" అన్నప్పుడు అది గతం, జరిగిన పని. లారీ మాటలో మాత్రం అది జరగని పని, ఇవాళ జరగని పని. రూపం ఒకటే! "బాగుండేది" కూడా అంతే. "ఆ కాలంలో ఈ చెరువు నీళ్లు బాగుండేవి" అంటే నిజంగా జరిగిన కాలం. "నువ్వొచ్చింటే బాగుండేది" అంటే జరగనిది. నిజానికి దూరంగా ఉన్న సంగతిని చెప్పడానికి మనమూ కాలంలో వెనక్కి జరుగుతాము. ఇంగ్లీషువాడూ అదే చేస్తాడు. దూరమైపోయిన కాలానికి వాడే రూపాన్నే, అందని కోరికకూ వాడుకుంటాడు. ఈ ఒక్క పోలిక చూపిస్తే పిల్లలు రూలు రాసుకోనక్కరలేదు.

దాన్నిబట్టి మిగతాదంతా ఒక మెట్టు వెనక్కి వేసుకుంటూ పోవడమే. ఇప్పటి కోరికకు భూతకాలం. "ఐ విష్ ఐ న్యూ ఇంగ్లీష్", నాకు ఇంగ్లీషు వచ్చి ఉంటే ఎంత బాగుండు అని. "ఐ విష్ ఐ నో" అనకూడదు. గడిచిపోయినదానికి ఇంకొక మెట్టు వెనక్కి, హాడ్ పెట్టి మూడో రూపం. "ఐ విష్ ఐ హాడ్ స్టడీడ్." మన రాయలసీమలో "చదివి ఉంటే" అని విడివిడిగా ఎవరంటారు? "చదివింటే" అని ఒక్క గుక్కలో అనేస్తాము. ఇంగ్లీషువాడు కూడా హాడ్‌ను నమిలేసి "ఐ విష్ ఐడ్ స్టడీడ్" అంటాడు. రేడియోలోనో ఫోనులోనో ఆ "డ్" మన పిల్లలకు వినబడదు. వినబడక, లేదనుకుంటారు.

ఇక వుడ్. ఇది ఎదుటివాడి ఇష్టం మీదనో, ప్రకృతి దయ మీదనో ఆధారపడిన సంగతికి. "ఐ విష్ ఇట్ వుడ్ రెయిన్" అన్నాము గదా. మనుషుల విషయంలో వాడినప్పుడు ఇందులో కొంచెం విసుగు ఉంటుంది, ఆ సంగతి పుస్తకాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. "ఐ విష్ యు వుడ్ రైట్ టు మి" అని కువైట్‌లో ఉన్న కొడుక్కు రాస్తే, "ఒక్క జాబు రాయడానికి నీకేం రోగం?" అన్నట్టు కొద్దిగా దెప్పుడు ధ్వనిస్తుంది. తల్లి రాస్తే ఫరవాలేదు, ఆమెకు ఆ హక్కు ఉంది. పై అధికారికి రాస్తే బాగుండదు. తన గురించి తాను చెప్పుకునేటప్పుడు వుడ్ వాడరు, కుడ్ వాడతారు. "ఐ విష్ ఐ కుడ్ కమ్", రాగలిగితే బాగుండు, రాలేను. పెండ్లికి పోలేనప్పుడు రాయవలసిన మాట ఇదే. "ఐ విష్ ఐ కెన్ కమ్" అని రాసిన కార్డులు నా పెట్టెలో అరడజను ఉన్నాయి. ఒకటి నేను రాసినదే, పోస్టు చేయకుండా ఆగిపోయింది.

ఒక్కడే ఉంటే వర్ ఎందుకు?

"ఐ విష్ ఐ వర్ ఎ డాక్టర్." తరగతిలో ఈ వాక్యం బోర్డు మీద రాసిన రోజున ఒక కుర్రవాడు లేచి, "సార్, ఐ అంటే నేనొక్కణ్ణే గదా, వాజ్ రావాల. వర్ అంటే తనకు తానే గౌరవం ఇచ్చుకుంటున్నాడా?" అని అడిగాడు. తరగతంతా నవ్వింది. వాడి ఊహ మాత్రం తెలివైనదే. మనం పెద్దవారిని "వారు వచ్చారు" అని బహువచనంలో అంటాము గనుక, ఇంగ్లీషు వర్ కూడా అలాంటిదేనేమో అనుకున్నాడు.

ఈ వర్ బహువచనం కాదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో జరిగిన పనికి ఒక రూపం, ఊహించిన లేదా కోరుకున్న పనికి ఇంకొక రూపం వేరువేరుగా ఉండేవి. కాలక్రమంలో మాటల తోకలు అరిగిపోయి రెండూ కలిసిపోయాయి. పాత ఇల్లు పడిపోయినా వాకిట్లో ఒక రాతిస్తంభం మిగిలినట్టు, ఈ ఒక్క వర్ మాత్రం మిగిలింది. ఇంగ్లీషుకు దాయాది భాష అయిన జర్మనులో ఆ ఇల్లు ఇంకా నిలబడే ఉంది. వాళ్లకు "ఉండెను" అనడానికి వార్, "ఉండి ఉంటే" అనడానికి వేరె. 1860ల్లో జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుండి సూళ్లూరుపేట, నాయుడుపేట, తిరుపతి వైపులకు వచ్చి, తర్వాతి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి పునాది వేసిన మిషనరీలకు ఈ వర్ ఎందుకని ఎవరూ చెప్పవలసిన పని ఉండి ఉండదు. తమ ఇంటి మాటే గదా.

అయితే ఐ విష్ ఐ వాజ్ అంటే తప్పా? ఇంగ్లీషువాళ్లే మాటల్లో అలా అంటారు, నవలల్లో రాస్తారు. 1926లో ఫౌలర్ అనే పండితుడు తన వాడుక నిఘంటువులో, ఈ సబ్‌జంక్టివ్ అనేది కొన్ని చోట్ల తప్ప కొనవూపిరితో ఉందని రాశాడు. నూరేళ్లు కావస్తోంది, ఇంకా పోలేదు. 2002లో వచ్చిన కేంబ్రిడ్జి వారి పెద్ద వ్యాకరణం ఐతే ఈ వర్‌ను సబ్‌జంక్టివ్ అనడమే మానేసి, నిజం కాని సంగతిని చెప్పే ప్రత్యేక రూపమని దానికి వేరే పేరు పెట్టింది. పేరు ఏదైనా పిల్లలకు నేను చెప్పేది ఒకటే. అరుగు మీద మాట్లాడేటప్పుడు వాజ్ అంటే నిన్నెవరూ కొట్టరు. పరీక్షలో, దరఖాస్తులో, ఉత్తరంలో వర్ రాయి. వర్ రాస్తే తప్పు పట్టేవాడు లేడు, వాజ్ రాస్తే పట్టేవాడు ఇంకా ఉన్నాడు.

గాక అనే మాట

సబ్‌జంక్టివ్ అంటే ఏదో కొమ్ములున్న జంతువని భయపడే మన సంఘస్థులకు ఒక సంగతి చెప్పాలి. మీరు దాన్ని ప్రతి ఆదివారం పలుకుతున్నారు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో మొదటి మూడు మనవులను ఇంగ్లీషులో ఒకసారి గుర్తు చేసుకోండి. నామము గురించీ చిత్తము గురించీ చెప్పేచోట ఈజ్ అని ఉండదు, ఉత్త బి అని ఉంటుంది. రాజ్యము గురించి చెప్పేచోట కమ్స్ అని ఉండదు, కమ్ అని ఉంటుంది. రాజ్యము ఏకవచనమే, సూత్రం ప్రకారం ఎస్ చేరాలి. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదకులు ఎస్ మరచిపోలేదు. అది జరుగుతున్న సంగతి కాదు, జరగాలని వేడుకునే సంగతి. అందుకే క్రియ తోక లేకుండా ఉంది. అదే చోట మన తెలుగు బైబిలు ఏం చేసింది? "గాక" చేర్చింది. ఇంగ్లీషువాడు తోక కోసి చెప్పేదాన్ని మనం తోక తగిలించి చెబుతాము.

"గాడ్ బ్లెస్ యు" కూడా ఆ కుదురులోదే. ఒక బడి వార్షికోత్సవంలో పిల్లలు రంగు కాగితాల మీద అక్షరాలు కత్తిరించి, వేదిక మీద "గాడ్ బ్లెసెస్ యు" అని అంటించారు. వ్యాకరణం తెలిసిన పిల్లలే, ఎస్ ఉండాలని పట్టుబట్టి చేర్చారట. దానితో దీవెన కాస్తా సమాచారమైంది. దేవుడు మిమ్మును దీవిస్తూ ఉంటాడు అని అర్థం. తెలుగులో "ఆశీర్వదించును గాక" అనే మాటలోంచి గాక తీసేసి చూడండి. "ఆశీర్వదించును" అని మిగులుతుంది. మంచి మాటే, కాని దీవెన ఇచ్చినట్టు కాదు. తెల్లవాళ్ల కాలంలో బడుల్లో పాడించిన గాడ్ సేవ్ ద కింగ్ సంగతీ ఇంతే. దేవుడికి ఆజ్ఞ ఇస్తున్నట్టు కనబడుతుంది గాని, అందులో ఉన్నది గాక.

మన ఇళ్లలో ఇంకా చిన్న గాకలున్నాయి. "నీ ఇల్లు బంగారం గాను!" అంటుంది అవ్వ. "నీ కడుపు చల్లగుండ!" అంటుంది. కోపం వస్తే అదే నోటితో "నీ నోరు పడిపోను" అని కూడా అంటుంది. దీవెనకూ శాపనార్థానికీ వ్యాకరణం ఒకటే అని చెబితే మా అవ్వ ఒప్పుకునేది కాదు.

ఇంగ్లీషు దొరలు మన తెలుగు నేర్చుకోవడానికి వ్యాకరణాలు రాసుకున్నప్పుడు ఇదే దారిలో ఎదురుగా నడిచి వచ్చారు. 1816లో క్యాంబెల్, 1840లో బ్రౌను, 1873లో మచిలీపట్నం వైపు మిషనరీగా ఉన్న ఆర్డెన్ ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణాలు అచ్చు వేయించారు. మన చేస్తే, చేసి ఉంటే, చేయుదురు గాక వంటి రూపాలకు తమ భాషలో సాటి వెతుక్కోవడం వాళ్ల పని. వాళ్లు తంటాలు పడ్డ చోటే మనం ఇటువైపు నుంచి తంటాలు పడుతున్నాము.

పెండ్లి కార్డులు, కమిటీ మినిట్సు

విష్‌కు ఇంకొక ఉద్యోగం ఉంది, అందులో తలుపు మూసుకోవడమంటూ ఉండదు. దాని వెనకాల వాక్యం కాకుండా ఉత్త పేరుమాట వస్తే అది శుద్ధమైన శుభాకాంక్ష. "ఐ విష్ యు ఎ హ్యాపీ మ్యారీడ్ లైఫ్." "వి విష్ యు సక్సెస్." ఇక్కడ భయం లేదు, కాలం గొడవా లేదు. దీన్నే సాగదీసి "ఐ విష్ యు విల్ బి హ్యాపీ" అని రాయబోతేనే కాలు జారుతుంది. అలా సాగదీయాలని ఉంటే ముందు మే పెట్టుకోండి, "మే యు బి హ్యాపీ". మన గాకకు ఇంతకంటే దగ్గర మాట ఇంగ్లీషులో లేదు. "ఐ విష్ టు అప్లై" అన్నది మళ్లీ వేరు, దరఖాస్తుల్లో నాకు కావాలి అనడానికి మర్యాద మాట.

పెండ్లి మాట వచ్చింది గనుక ఒకటి చెప్పకుండా ఉండలేను. మన వైపు పెండ్లి పందిట్లో వధూవరుల చేయి పట్టుకుని "మెనీ హ్యాపీ రిటర్న్స్ ఆఫ్ ద డే" అనే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. ఈ రోజు మళ్లీ మళ్లీ రావాలి అని దాని అర్థం. పుట్టినరోజుకు చెప్పేది. పెండ్లికొడుకు వింటే సంతోషిస్తాడేమో గాని, పెండ్లికూతురు తండ్రి మాత్రం ఉలిక్కిపడతాడు.

మినిట్సు సంగతి క్లుప్తంగా. ఇంగ్లీషులో తీర్మానం రాసేటప్పుడు "ద కమిటీ రికమెండ్స్ దట్ హి బి అపాయింటెడ్" అని ఉంటే, అచ్చుతప్పని ఈజ్ చేయకండి. సిఫారసు చేసే, కోరే, పట్టుబట్టే క్రియల తర్వాత ఇది అమెరికావాళ్లకు మామూలు వాడుక. ఇంగ్లండువాళ్లు చాలాసార్లు షుడ్ బి అంటారు. రెండూ ఒప్పే. ఈజ్ పెడితే మాత్రం ఆయన ఇప్పటికే నియమితుడైనట్టు చదువుకునే ప్రమాదముంది. అలాంటి తగాదా ఒకటి కోర్టు గుమ్మం దాకా పోయిందని ఎవరైనా చెబితే నేను ఆశ్చర్యపోను.

రెండో ప్రశ్న

ఇదంతా మా అమ్మాయికి ఆ వేసవిలో నాలుగైదు సాయంత్రాలు కూర్చుని చెప్పాను. నేర్పినదాన్ని సరిచేసి మళ్లీ నేర్పడం, కుట్టిన గుడ్డను విప్పి మళ్లీ కుట్టడం వంటిది. మొదట కుట్టినదానికంటే ఎక్కువ పొద్దు పట్టింది. ఆ పిల్ల అన్నీ శ్రద్ధగా విని, చివర్లో ఒకటి అడిగింది.

"బాగయ్యేవాళ్లకు హోప్ అంటాను, సరే. బాగుకారని అందరికీ తెలిసిపోయినవాళ్లుంటారు గదా మామా. వాళ్ల ఇంటివాళ్లు వచ్చి, ఇంకేమైనా చేయరాదా అని నా చేయి పట్టుకుంటారు. హోప్ అంటే అబద్ధం. లేదు, అయిపోయింది అంటే వాళ్లు కూలిపోతారు. అప్పుడేమనాల?"

నాకు జవాబు తెలియలేదు. ఆమె వెళ్లేలోగా వెతికి పెడతానన్నాను. పట్నంలో డాక్టరుగా ఉన్న ఒక పాత శిష్యుణ్ణి అడిగితే, వైద్యులకు ఇందులో ప్రత్యేకంగా పాఠమే ఉందని చెప్పాడు. 2001లో క్విల్, ఆర్నాల్డ్, ప్లాట్ అనే ముగ్గురు అమెరికా డాక్టర్లు ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ఒక వ్యాసం రాశారు. దాని పేరే "ఐ విష్ థింగ్స్ వర్ డిఫరెంట్". పరిస్థితి వేరేగా ఉంటే బాగుండేది అని. నయంకాని జబ్బుతో ఉన్నవాళ్ల దగ్గర, సాధ్యం కానిదాన్ని ఆశిస్తున్న కుటుంబాల దగ్గర డాక్టరు ఏమనాలి అన్నదే అందులోని విషయం. ఐ యామ్ సారీ అంటే కొన్నిసార్లు తప్పు తనదని ఒప్పుకున్నట్టో, జాలి చూపినట్టో వినబడుతుంది. ఐ విష్ అంటే రెండు పనులు ఒక్కసారే జరుగుతాయి. మీరు కోరేదే నేనూ కోరుతున్నాను అని వాళ్ల పక్కన నిలబడినట్టు ఉంటుంది. అది జరిగేది కాదన్న నిజం కూడా ఆ వర్‌లో, ఆ కుడ్‌లో ఉండనే ఉంటుంది. అబద్ధమాడనక్కరలేదు, తలుపు ముఖం మీద వేయనక్కరలేదు.

అంటే, మొదటిసారి ఆ ముసలావిడ కూతురిని బెదరగొట్టిన మాటకే ఇది అసలు చోటు. ఈ సంగతి ఫోనులో విని రాసుకున్న కాగితాన్ని మా అమ్మాయి తన పాస్‌పోర్టులో మడిచి పెట్టుకుంది. మరునాడు పుత్తూరు దాకా బస్సులో తోడు పోయి, చెన్నై బండి ఎక్కించి వచ్చాను.

క్రిస్మసుకు రెండు వారాల ముందు ఫోన్ చేసింది. వార్డులో ఒక ముసలాయన. ఇక రోజులే అని డాక్టర్లు చెప్పేశారు. ఆయన భార్య ప్రతిరోజూ వచ్చి మంచం పక్కన అల్లుకుంటూ కూర్చుంటుందట. ఆ రోజు సాయంత్రం ఊలు కండె పక్కన పెట్టి, "పండక్కి ఈయన ఇంటికి రాగలడా?" అని అడిగింది.

"ఐ విష్ హి కుడ్ అన్నాను మామా."

"ఆమె ఏమంది?"

"ఐ నో అనింది. నా చేయి పట్టుకునింది."

"తర్వాత నువ్వేమన్నావు?"

"ఏమీ అన్లేదు. డ్యూటీ అయిపోయిండె. కోటు వేసుకోకుండా అట్లే ఆమె పక్కన కూర్చున్నాను."